ఒకే ట్యాంకులో ఇగ్వానా, తాబేలు, పాము ఉంచవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దాదాపు ఒకే సంగతి అడిగాయి. అందుకని కుక్కలు, పిల్లుల ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈ నెల స్థలమంతా సరీసృపాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పెద్దబ్బాయి ఇంటర్ సెకండియర్. వాడి దగ్గర ఏడాదిన్నర వయసున్న పచ్చ ఇగ్వానా బల్లి ఒకటి, ఎర్ర చెవుల తాబేళ్లు రెండు ఉన్నాయి. నాలుగడుగుల గ్లాస్ ట్యాంకులో సగం నీళ్లు, సగం మెట్ట చేసి మూడింటినీ అందులోనే ఉంచాడు. ఎనిమిది నెలలుగా ఏ గొడవా లేదు. తాబేలు ఇగ్వానా వీపు మీదెక్కి పడుకుంటుంది కూడా. ఇంటికొచ్చిన వాళ్లంతా చూసి ముచ్చటపడతారు. ఇప్పుడు బాల్ పైథాన్ పిల్లను కొని, అందులోనే ఒక మూల పెడతానంటున్నాడు. షాపులో అడిగితే "అన్నీ ఒకే జాతి కదమ్మా, అలవాటు పడిపోతాయి" అన్నారు. ఈ మధ్య ఇగ్వానా సరిగ్గా తినడం లేదు, ఒళ్లు మట్టి రంగుకు తిరిగింది. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు చేయాల్సింది చెబుతాను, కారణాలు తర్వాత. పాము కొనడం ఆపించండి. ఇగ్వానాను ఇవాళే ఆ ట్యాంకులోంచి తీయించి వేరే చోట పెట్టించండి. తాబేళ్లు అక్కడే ఉండనివ్వండి, ఆ ట్యాంకు వాటికే చాలీచాలకుండా ఉంది.

"అన్నీ ఒకే జాతి" అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటికి మూలం ఆ మాటే. పాము, బల్లి, తాబేలు మూడూ సరీసృపాలే. ఆవు, పిల్లి, గబ్బిలం మూడూ పాలిచ్చే జంతువులే కదా, వాటిని ఒకే కొట్టంలో కడతామా? పచ్చ ఇగ్వానాది మధ్య, దక్షిణ అమెరికా అడవి. అక్కడ చెట్ల మీద, చాలాసార్లు నీటి మీదికి వంగిన కొమ్మల మీద, ఆకులు తింటూ బతుకుతుంది. ఎర్ర చెవుల తాబేలుది అమెరికాలోని మిసిసిపీ నది ప్రాంతం. నీళ్లలో తిని, నీళ్లలోనే విసర్జించి, ఎండ కోసం మాత్రం దుంగ మీదికెక్కుతుంది. బాల్ పైథాన్‌ది పశ్చిమ ఆఫ్రికా. పగలంతా కలుగులోనో చెదపుట్టలోనో ముడుచుకుని ఉండి రాత్రిపూట ఎలుకల కోసం బయటికి వస్తుంది.

వేడి లెక్క మూడింటికీ దగ్గరగానే ఉంది కదా అని మీ అబ్బాయి వాదించవచ్చు. బాగా చదివిన పిల్లలు ఈ మాటే అడుగుతారు. నిజమే, ఇగ్వానాకు దీపం కింద 35 డిగ్రీలు కావాలి, తాబేలుకు 32 చాలు, బాల్ పైథాన్‌కు కూడా వెచ్చటి మూల 32 దాకా ఉంటే సరిపోతుంది. కానీ ఇగ్వానాకు ఆ వేడి ఎత్తున, కొమ్మ మీద, వీపుకు తగలాలి. పైథాన్‌కు చీకట్లో, ఇరుకు గూట్లో, నాలుగు వైపులా ఒంటికి ఏదో ఒకటి ఆనుకుంటూ ఉండగా కావాలి. తాబేలుకు నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉండి, గట్టు మాత్రం పొడిగా, వెచ్చగా ఉండాలి. ఒకే దీపం వెలిగించి ఈ ముగ్గురికీ ఎలా సర్దుతాం?

ఇప్పుడు ఆ వీపు మీదెక్కి పడుకోవడం సంగతి. మీ ట్యాంకులో వేడి దీపం ఒకటే ఉండి ఉంటుంది. ఈ జంతువులు ఒంటి వేడిని తమంతట తాము పుట్టించుకోలేవు, బయటి నుంచి తెచ్చుకోవాలి. తిన్నది అరగాలన్నా, జబ్బును తట్టుకోవాలన్నా ఆ వేడే ఆధారం. కాబట్టి దీపం కింద ఉన్న జానెడు చోటు కోసం మూడూ అక్కడికే చేరతాయి. తాబేలు ఎక్కింది ఇగ్వానా మీదికని మనం అనుకుంటాం. దానికి అది దీపానికి దగ్గరగా ఉన్న గట్టు, అంతే.

నమ్మకం కుదరకపోతే ఇగ్వానాను తీసే ముందు ఒక అరగంట ఈ పని చేసి చూడండి. ట్యాంకు రెండో కొసన ఇంకో దీపం పెట్టి, గుమ్మం దగ్గర కూర్చుని, కదలకుండా చూడండి. ఇగ్వానా లేచి అటు వెళ్లిపోయిందంటే ఇన్నాళ్లూ వెళ్లడానికి చోటు లేకనే అక్కడ పడి ఉందని అర్థం. పగటిపూట కళ్లు మూసుకుని ఉండటం, ఒళ్లు నేలకు అదిమేసుకుని ఉండటం, ఆకుపచ్చ పోయి మట్టి రంగు రావడం ఇగ్వానా బెదిరినప్పుడు కనిపించే గుర్తులు. మూడోది మీ ఉత్తరంలోనే ఉంది.

మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ దగ్గరి బల్లులను చూసే ఉంటారు. పురుగులు మూగిన చోట పెద్ద బల్లి ఉంటే, చిన్నది అటుగా వస్తుంది. పెద్దది తోక ఆడించి ఒక్క ఉరుకు ఉరుకుతుంది. చిన్నది పరుగెత్తి క్యాలెండర్ వెనక దూరుతుంది. కాసేపటికి మళ్లీ తల బయట పెడుతుంది. ఆ క్యాలెండర్ ఉండబట్టే రెండూ ఆ గోడ మీద ఏళ్ల తరబడి బతుకుతాయి. నాలుగడుగుల గాజు పెట్టెలో క్యాలెండర్ లేదు. ఓడిపోయింది గెలిచినదాని కళ్లెదుటే రోజంతా ఉండాలి. అరవదు, కరవదు. తిండి తగ్గిస్తుంది, రంగు మారుతుంది, చిక్కిపోతుంది. మనం దాన్ని గొడవ లేకపోవడం అనుకుంటాం.

అయినా పామును తాబేలుతో ఎందుకు పెట్టకూడదో చెప్పడానికి ఇవన్నీ అసలు కారణం కాదు. అసలు కారణం నేను నా కళ్లతో చూశాను.

ఇరవై ఆరేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న జంతు ప్రదర్శనశాలకు వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. చెరువులో దొరికిన తాబేలును ఎవరో తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లారు. ఖాళీ తొట్టి లేదు. కొండచిలువల గదిలో పెద్ద సిమెంటు తొట్టి ఉంది, అందులో వేద్దామా అమ్మా అని అక్కడి కాపరి అడిగితే నేనే సరేనన్నాను. కొండచిలువ తాబేలు డిప్పను ఏమీ చేయలేదు, తాబేలు అంత పెద్ద పామును ఏమీ చేయలేదు, అంతవరకే ఆలోచించాను.

కొన్ని వారాలకు ఒక కొండచిలువ ఎలుకను ముట్టడం మానేసింది. పాములు నెలల తరబడి తినకుండా ఉండటం ఉన్నదే, పట్టించుకోలేదు. తర్వాత విసర్జనలో జిగట, దాంతో పాటు నెత్తురు కనిపించాయి. అది తొట్టి పక్క నుంచి కదలకుండా నీళ్లు తాగుతూ ఉండేది. ఆ నీళ్లే దాన్ని చంపుతున్నాయని నాకు తెలియదు. అది చనిపోయాక కోసి చూశాను. పెద్దపేగు తడి గుడ్డలా మెత్తగా ఉండాల్సింది, చేతిలోకి తీసుకుంటే తోట పైపులా బిర్రుగా తగిలింది. లోపల పుండ్లు, పాచి రంగు పెచ్చులు. పుండు అంచు గీకి, గోరువెచ్చటి సెలైన్ చుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద పెడితే, అమీబాలు ఒళ్లు సాచుకుంటూ మెల్లగా పాకుతున్నాయి. ఎంటమీబా ఇన్వాడెన్స్ అంటారు దాన్ని. మిగిలిన రెండు కొండచిలువలకూ వెంటనే మందు మొదలుపెట్టాం. ఒకటే దక్కింది. తాబేలుకు మాత్రం ఏమీ కాలేదు. తొట్టి గట్టు మీద మెడ చాచుకుని ఎండ కాస్తూనే ఉంది.

ఈ అమీబా తాబేళ్ల పేగుల్లో, మొసళ్ల పేగుల్లో సాధారణంగా ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. నివురు గప్పిన నిప్పు. దాని గుడ్ల లాంటి తిత్తులు విసర్జనతో నీళ్లలోకి వస్తాయి. అదే నీళ్లు పాము తాగితే, బల్లి జాతివి తాగితే, అక్కడ అది పేగు గోడను తొలుచుకుని లోపలికి పోతుంది, కాలేయం దాకా వెళుతుంది. పాములకైతే చాలాసార్లు ప్రాణాంతకం. తాబేలు ఆరోగ్యంగా కనిపిస్తోంది కాబట్టి భయం లేదని ఎవరైనా చెబితే నమ్మకండి, ఈ జబ్బు విషయంలో ఆరోగ్యంగా కనిపించేదే మోసుకొస్తుంది. పాముల్లో పాములకు కూడా ఇలాంటి ఇబ్బందులున్నాయి. బోవాలు అనే పెద్ద పాములు కొన్ని వైరస్‌లను పైకి ఏమీ కనిపించకుండా ఏళ్ల తరబడి మోయగలవు, అదే వైరస్ పైథాన్‌కు సోకితే వారాల్లో పడిపోతుంది.

మీ ఇగ్వానా ఎనిమిది నెలలుగా ఆ నీళ్లే తాగుతోంది. అందుకే తిండి తగ్గిందన్నది నన్ను కలవరపెట్టింది. అది విసర్జించినప్పుడు కొంచెం శుభ్రమైన చిన్న డబ్బాలోకి తీసి, ఎండిపోకముందే, ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఒకటి రెండు గంటల్లో సరీసృపాలను చూసే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. చల్లారి ఎండిపోయిన నమూనాలో అమీబా కదలదు, కనిపెట్టడం కష్టం. వెళ్లినప్పుడు ఎక్స్‌రే కూడా తీయించండి. కింది దవడ మెత్తగా ఉందా, వేళ్లు వణుకుతున్నాయా, వెనక కాళ్లు ఈడుస్తోందా అని డాక్టర్ అడుగుతారు, ముందే గమనించి పెట్టుకోండి. ఇవి ఎముకలు గుల్లబారుతున్న గుర్తులు. ఇగ్వానాకు ఒంట్లో డి3 విటమిన్ తయారు కావాలంటే ఎండలోని యూవీబీ (అతినీలలోహిత) కిరణాలు తగలాలి, అవి మామూలు గాజును దాటి రావు. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ వెలుతురు ఇస్తుంది, ఈ మేలు చేయదు. అలాగని గాజు ట్యాంకును తీసుకెళ్లి బాల్కనీ ఎండలో పెట్టకండి. మన ఎండాకాలంలో కాసేపట్లోనే లోపల ఉడికిపోయి చనిపోతుంది. యూవీబీ ట్యూబు పెట్టించండి. లేదంటే ఉదయం పూట వైర్ మెష్ పంజరంలో, సగం నీడ ఉండేలా, మీ అబ్బాయి పక్కనే ఉండి ఎండ చూపించాలి.

తిండికి మునగాకు, మందారం ఆకులు, పువ్వులు పెట్టండి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. ఇల్లు ఎంత ఉండాలన్నది మీ అబ్బాయితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. ఇగ్వానా పెరిగితే తోకతో కలిపి అయిదడుగులు దాటుతుంది. దానికి మనిషి నిలబడగలిగేంత ఎత్తున్న, కొమ్మలున్న పంజరం కావాలి, ట్యాంకు కాదు.

పాప గురించి: తాబేళ్లు, ఇగ్వానాలు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను పేగుల్లో మోస్తూ ఆరోగ్యంగానే ఉంటాయి. అమెరికాలో 4 అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని. అయిదేళ్లలోపు పిల్లలను ముట్టుకోనివ్వకండి. ట్యాంకు నీళ్లు వంటింటి సింకులో పోయకండి, వాటి గిన్నెలు అక్కడ కడగకండి.

ఇంకొకటి. పచ్చ ఇగ్వానా, బాల్ పైథాన్ రెండూ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నవి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువులు ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. షాపువాళ్లు ఈ సంగతి చెప్పారా? బిల్లు ఇచ్చారా? అడిగి చూడండి.

ప్రశ్న: మా నాన్నగారికి తెలిసినవాళ్లు వాస్తుకు మంచిదని నక్షత్ర తాబేలును ఇచ్చారు. ఇంట్లో ముందునుంచీ ఉన్న ఎర్ర చెవుల తాబేలుతో కలిపి నీళ్ల టబ్బులో వేశాం. నాలుగు రోజులుగా నక్షత్ర తాబేలు మెడ చాచి నోరు తెరుస్తోంది, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయి.
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఈ పత్రిక పక్కన పెట్టి ముందు దాన్ని నీళ్లలోంచి తీయండి. దానికి ఈత రాదు. అది మెట్ట తాబేలు, రాయలసీమ లాంటి పొడి నేలల్లో, ముళ్ల పొదల కింద, గడ్డి, నాగజెముడు తిని బతికే జీవి. కాళ్లు చూడండి, ఏనుగు పాదాల్లా గుండ్రంగా, బండగా ఉంటాయి. రెండోదాని వేళ్ల మధ్య తెడ్డులా చర్మం ఉంటుంది. రెండింటినీ తాబేలు అనే పిలవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవన్నీ. మీరు చెప్పిన గుర్తులు ఊపిరితిత్తుల జబ్బువి. పొడిగా, వెచ్చగా ఉన్న అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి ఉంచి, ఈ రోజే డాక్టరుకు చూపించండి. ఆలస్యం చేస్తే దక్కదు.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. ఇచ్చినవాళ్లు మంచి మనసుతోనే ఇచ్చి ఉండవచ్చు, కానీ మన చిత్తూరు, మదనపల్లె వైపు పొలాల నుంచి వీటిని సంచుల్లో కుక్కి విదేశాలకు దాటించే వ్యాపారం ఏళ్లుగా సాగుతోంది. అందుకే 2019లో దీన్ని సైటీస్ మొదటి అనుబంధంలోకి చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా ఆపేశారు. మీరే అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేసి, జబ్బుగా ఉందని చెప్పి అప్పగించండి. భయపడి రాత్రిపూట కాలువ గట్టున వదిలేయకండి. అక్కడ నీళ్లలో పడి చచ్చిపోతుంది, బతికితే దాని జబ్బు ఇంకోదానికి అంటుతుంది. నాన్నగారికి నొప్పి కలగకుండా చెప్పాలనుకుంటే, శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం తీసుకెళ్లి కూర్మనాథుణ్ణి చూపించండి. ఇంట్లో టబ్బు కన్నా అది మంచిది.

ఎర్ర చెవుల తాబేలును కూడా ఏ చెరువులోనూ వదలకండి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసే 100 చొరబాటు జీవుల పట్టికలో అది ఉంది. మన చెరువు తాబేళ్ల ఎండ గట్లను, తిండిని లాక్కుంటుంది.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. అయిదో తరగతి చదివే మా అమ్మాయి దగ్గర లెపర్డ్ గెకో అనే బల్లి ఉంది. తన ఫ్రెండ్ వాళ్లు ఇల్లు మారుతూ క్రెస్టెడ్ గెకోను మాకు ఇస్తామంటున్నారు. ఎత్తైన ట్యాంకు కొంటే ఒకటి కింద నేల మీద, ఒకటి పైన కొమ్మల మీద ఉండదా?
– ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి

జవాబు: ఆలోచన బాగుంది కానీ వేడి పైకి వెళుతుంది, తేమ కిందికి దిగుతుంది. లెపర్డ్ గెకోది అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్ల నేల. దానికి కింద 32 డిగ్రీల వెచ్చటి రాయి, పొడి గాలి కావాలి. క్రెస్టెడ్ గెకోది పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవి. అంతరించిపోయిందనుకున్న దాన్ని 1994లో మళ్లీ కనుగొన్నారు. దానికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి, 28 దాటితే నీరసిస్తుంది, రోజూ సాయంత్రం నీళ్లు చిలకరించాలి. కిందిదానికి పెట్టిన వేడి పైదాన్ని వాడ్చేస్తుంది, పైదానికి చల్లిన నీళ్లు కిందిదాని గూటిని తడి చేసి చర్మానికి జబ్బు తెస్తాయి. పైగా రెండూ చీకటి పడ్డాకే తిరుగుతాయి, అమ్మాయి నిద్రపోయాక ఏం జరుగుతోందో మీకు తెలియదు. బెదిరితే రెండూ తోక వదిలేస్తాయి. లెపర్డ్ గెకోకు మళ్లీ మొలుస్తుంది, క్రెస్టెడ్‌కు ఇక మొలవదు.

రెండోదాన్ని తీసుకోండి, వద్దనను. వేరే ట్యాంకులో, వేరే గదిలో, మొదటి 3 నెలలు వేరే గిన్నెలు, వేరే పట్టకారుతో పెంచండి. పాతదానికి ముందు తిండి పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్తదాని దగ్గరికి తర్వాత వెళ్లమని అమ్మాయికి నేర్పండి. ఆ వరుస మారకూడదు.

ప్రశ్న: మేడమ్, జూలో మొసళ్ల కొలనులో తాబేళ్లు కూడా ఉన్నాయి. అక్కడ కుదిరినది ఇంట్లో ఎందుకు కుదరదు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, సంగారెడ్డి

జవాబు: మంచి ప్రశ్న నాన్నా. చంబల్ నదిలో ఘరియాల్, మగ్గర్ మొసళ్లు, తాబేళ్లు ఒకే ఇసుక తిన్నె మీద ఎండ కాస్తాయి. ఆ తిన్నె నచ్చకపోతే ఇంకో తిన్నె ఉంది, దాని పక్కన మైళ్ల కొద్దీ నది ఉంది. జూవాళ్లు కూడా వీలైనంత వరకు ఆ పద్ధతే పాటిస్తారు. పెద్ద కొలను తవ్వుతారు, ఎండకు చాలా గట్లు కడతారు, ఒకే నదిలో కలిసి బతికే జాతులనే ఎంచుకుంటారు, లోపలికి వదిలే ముందు ఒక్కోదాన్ని విడిగా ఉంచి విసర్జన పరీక్షలు చేస్తారు, రోజూ చూసే కాపరి ఉంటాడు. అయినా ఒక్కోసారి మొసలి తాబేలును తినేస్తుంది. మగ్గర్ దవడకు డిప్ప పెద్ద లెక్క కాదు.

నీకు ఇవన్నీ చూడటానికి జూ దాకా వెళ్లే పని కూడా లేదు. మీ ఊరి పక్కనే మంజీరా అభయారణ్యం ఉంది, 1978లో మగ్గర్ మొసళ్ల కోసమే ఏర్పాటు చేసినది. చలికాలంలో పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య, పెద్దవాళ్లను తోడు తీసుకుని, గట్టుకు దూరంగా నిలబడి బైనాక్యులర్‌తో చూడు. మొసలి ఎండ కాస్తున్న చోట తాబేలు కనిపిస్తే రెండింటి మధ్య ఎన్ని అడుగులుందో అంచనా వెయ్యి. తాబేలు నీటి అంచుకు ఎంత దగ్గరగా కూర్చుందో, ఒక్క జారులో మునిగిపోవడానికి వీలుగా ఉందో లేదో చూడు. మొసలి కదిలినప్పుడు అది ఎటు వెళ్లిందో నోట్‌బుక్‌లో రాసుకుని నాకు పంపు.